కారణం తెలియకుండా బరువు తగ్గుతోంది, బీమా లేదు: ఏం చేయాలి?

"తిండి తింటూనే ఉన్నాడు, మనిషి మాత్రం సగమయ్యాడు. ఎక్కడ చూపించాలి? బీమా లేదు." నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగే నాటికి చాలామంది ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నాలుగైదు గ్లూకోజు సీసాలు ఎక్కించుకుని ఉంటారు. మరికొందరు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, పట్నంలో ఏదో ప్యాకేజీ పరీక్షలు చేయించుకుని, కట్టెడు కాగితాలు పట్టుకుని కూర్చుంటారు. జబ్బు పేరు మాత్రం అప్పటికీ తెలిసి ఉండదు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. జబ్బు పేరు బయటపడేదాకా అప్పు చేయకండి. ఆ పేరు తెలుసుకోవడానికి కావలసిన పరీక్షల్లో చాలా వరకు సర్కారు దవాఖానలో ఉచితం. పేరు తెలిశాక చికిత్సకు ఏ పథకం వర్తిస్తుందో చూసుకోవచ్చు. ఈ వరుస తలకిందులు చేసుకున్న ఇళ్లలోనే పుస్తెలతాడు తాకట్టుకు పోతుంది.

కింద చెప్పినవి డాక్టరు దగ్గరికి సరైన దారిలో, సరైన కాగితాలతో చేరడానికే. వీటిని చదివి ఇంట్లోనే మందులు మొదలుపెట్టకండి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- రోగి ఆధార్, రేషన్ కార్డు అసలు ప్రతులు, రెండేసి జిరాక్సులు.
- రోగి పేరు మీదున్న, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు పాస్‌బుక్. క్షయ తేలితే పోషకాహార సొమ్ము పడేది ఇందులోనే.
- ఇప్పుడు వాడుతున్న మందులన్నిటి అట్టలు. ఆర్‌ఎంపీ పొట్లంలో కట్టి ఇచ్చిన విడి మాత్రలుంటే ఆ పొట్లం కూడా.
- పాత చీటీలు, ఎక్స్‌రేలు, రక్త పరీక్షల కాగితాలు. ఎంత పాతవైనా సరే పారేయకండి, వాటిలో అప్పటి బరువు రాసి ఉండవచ్చు.
- చిన్న నోటు పుస్తకం, అన్నీ పెట్టుకోవడానికి మూత ఉన్న ప్లాస్టిక్ ఫైలు.
- ఎప్పుడూ పనిచేసే ఒక ఫోను నంబరు. ఫలితాలు సందేశంగా వచ్చేది దానికే. పిల్లలు నెలకోసారి మార్చే సిమ్ నంబరు ఇవ్వకండి.
- చదవడం వచ్చిన, ప్రతిసారీ రాగలిగిన ఒకే తోడు మనిషి. ఒక్కోసారి ఒక్కొక్కరు వస్తే కథ ప్రతిసారీ మొదటి నుంచి మొదలవుతుంది.

1. నిజంగా తగ్గారా? తూచి చూసుకోండి

"సన్నబడ్డావు" అని పక్కింటివారు అనడం కొలత కాదు. ఉదయం మూత్ర విసర్జన తర్వాత, ఏమీ తినకముందు, ఒకే రకం పలుచని బట్టలతో, చెప్పుల్లేకుండా తూకం చూడండి. వారానికోసారి, ఒకే యంత్రం మీద. ఇంట్లో లేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, పల్లె దవాఖానలోనో చూసుకోవచ్చు. ఈ వారం ఒక చోట, వచ్చే వారం మరో చోట తూగితే యంత్రాల తేడాయే మీ తేడా అవుతుంది. తూకాన్ని పరుపు మీద, బొంత మీద పెట్టకండి, గట్టి నేల మీదే పెట్టండి.

లెక్క ఇలా: పాత బరువులోంచి ఇప్పటి బరువు తీసేయండి. వచ్చినదాన్ని 100తో హెచ్చించి, పాత బరువుతో భాగించండి. ప్రయత్నించకుండానే 6 నుంచి 12 నెలల్లో 5 శాతం, అంతకు మించి తగ్గితే డాక్టరుకు చూపించి తీరాలి. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. 44 కిలోల ముసలమ్మకు 2 కిలోల పైచిలుకే. సన్నటివారిలో చిన్న తగ్గుదల కూడా పెద్ద లెక్కే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

పాత బరువు తెలియదా? గర్భిణిగా ఉన్నప్పటి మాతా శిశు కార్డు, రక్తదానం కార్డు, పాత దవాఖాన చీటీ వెతకండి. ఏదీ దొరకకపోతే ఆనవాళ్లు రాసుకోండి: బెల్టుకు కొత్తగా ఎన్ని రంధ్రాలు పొడిచారు, జాకెట్టు ఎన్నిసార్లు కుట్టించుకున్నారు, ఉంగరం వేలి నుంచి జారుతోందా. డాక్టరుకు ఇవి కూడా ఆధారమే.

రెండు జాగ్రత్తలు. కాళ్లలో, కడుపులో నీరు చేరితే తూకం తగ్గదు, లోపల కండ మాత్రం కరిగిపోతూ ఉంటుంది. పాదాలు ఉబ్బి, చేతులు, బుగ్గలు చిక్కిపోతే తూకాన్ని నమ్మకండి. రెండోది, కారణం తెలిసిన తగ్గుదల వేరు. ఎండాకాలం ఉపాధి హామీ పనికి వెళ్లి రెండు కిలోలు తగ్గి, వానలు పడ్డాక తిరిగి పుంజుకుంటే, దీక్షలో ఒంటిపూట తిని తగ్గితే కంగారు అక్కర్లేదు. దీక్ష ముగిసి రెండు నెలలైనా తగ్గుతూనే ఉంటే మాత్రం పరీక్ష చేయించాలి.

పిల్లల విషయంలో ఈ శాతాల లెక్క వద్దు. పెరిగే వయసులో బరువు పెరగకపోవడమే ప్రమాద సూచన. అంగన్‌వాడీ కార్డు తీసుకుని ఈ వారమే చూపించండి. పిల్లవాడు చిక్కిపోతూ, విపరీతంగా నీళ్లు తాగుతూ, రాత్రి పక్క తడుపుతుంటే ఆ రోజే షుగర్ పరీక్ష చేయించాలి.

2. ఇవి కనిపిస్తే మిగతా అడుగులు వదిలేయండి

రక్తం కక్కుకోవడం, దగ్గితే రక్తం పడటం, తారులా నల్లటి విరేచనం, నీళ్లు కూడా మింగలేకపోవడం, ఆయాసం, మగత, మూర్ఛలు. షుగర్ ఉన్నవారికి వాంతులతో పాటు ఊపిరి వేగంగా ఆడటం. వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేసి దగ్గరి పెద్ద సర్కారు దవాఖానకు వెళ్లండి. కార్డు కోసం, డబ్బు కోసం ఆగకండి, అత్యవసర విభాగంలో ముందు చూస్తారు.

కళ్లు పచ్చబడి బరువు తగ్గుతుంటే పసరు మందు కోసం ఊళ్లు తిరగకండి. పిత్తనాళానికి అడ్డు పడిన జబ్బు ఏదైనా ఉంటే ఆ తిరుగుడులోనే విలువైన వారాలు పోతాయి.

బతకాలని లేదని ఎవరైనా అంటే అది కూడా అత్యవసరమే. 14416 టెలి మానస్ నంబరు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి.

3. ఒక పేజీ కథ రాసుకోండి

సర్కారు దవాఖానలో డాక్టరు మీకు ఇవ్వగలిగేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలు "ఎప్పటి నుంచి?" "అదీ... బతుకమ్మ పండుగ ముందు నుంచో, తర్వాతో..." అనే మాటలకే పోకుండా ముందే రాసి తీసుకువెళ్లండి. నా దృష్టిలో ఏ స్కానింగు కంటే ముందు చేయవలసిన పరీక్ష ఈ పేజీయే. ఇవి రాయండి:

- బరువు ఎప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత.
- ఆకలి ఉండి తగ్గుతున్నారా, ఆకలే లేదా? ఇది చాలా ముఖ్యం. బాగా తింటూ తగ్గుతుంటే షుగర్, థైరాయిడ్ వైపు అనుమానం మొదట వెళ్తుంది. తిండి సయించక తగ్గుతుంటే దారి వేరు.
- దగ్గు ఎన్నాళ్లుగా, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు.
- దాహం, రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తున్నారు.
- గుండె దడ, చేతుల వణుకు, వేడి ఓర్చుకోలేకపోవడం.
- మింగేటప్పుడు ముద్ద అడ్డుపడటం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్టుండటం, విరేచనాల్లో మార్పు.
- నోట్లో మానని పుండు, మెడలో, చంకలో, రొమ్ములో గడ్డ. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం.
- పళ్లు ఎన్ని ఊడాయి, నమలగలుగుతున్నారా.
- నిద్ర, మనసు. ఈ మధ్య ఇంట్లో చావు, అప్పు, గొడవ ఏదైనా జరిగిందా.
- బీడీ, గుట్కా, మద్యం, కల్లు: రోజుకు ఎంత.
- వలస పనికి ఎక్కడికి వెళ్లారు, ఏ పని. ముంబై, పుణెలో రాళ్లు కొట్టే పని, సొరంగాల పని చేసినవారు అది తప్పక చెప్పాలి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరినవారికి క్షయ ముప్పు ఎక్కువ.

కల్లు సంగతి దాచకండి. కల్తీ కల్లులో డైజిపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపే అలవాటు మన వైపు కొత్తది కాదు. రోజూ తాగేవారు దవాఖానలో చేరగానే అది ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, పిచ్చి మాటలు, మూర్ఛలు వస్తాయి. డాక్టరుకు ముందే తెలిస్తే దానికి మందు ఇస్తారు. తెలియకపోతే కొత్త జబ్బేదో అనుకుని వెతుకుతూ ఉంటారు.

వాడుతున్న మందులు కూడా ఒక కారణం కావచ్చు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ బరువు కొంత తగ్గిస్తాయి. థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైనా తగ్గుతారు. అలాగని మీ అంతట మీరు ఆపకండి, అట్ట చూపించి అడగండి.

4. మొదటి విడత పరీక్షలు దగ్గరలోనే చేయించండి

మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఉదయం 9 గంటలకల్లా వెళ్లండి. దారి తెలియకపోతే మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే చాలు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకం కింద అక్కడే రక్తం తీసుకుని జిల్లా కేంద్రంలోని ప్రయోగశాలకు పంపిస్తారు, డబ్బు తీసుకోరు. మీరు పట్నం వెళ్లనక్కర్లేదు, మీ రక్తం సీసా వెళ్తుంది.

డాక్టరుకు మీ పేజీ చూపించి, ఈ పరీక్షలు అవసరమా అని అడగండి: పూర్తి రక్త కణాల లెక్క, ఈఎస్‌ఆర్ (లోపల ఏదో జబ్బుందేమో సూచించేది), పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), కాలేయ పరీక్ష, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), మూత్ర పరీక్ష, హెచ్‌ఐవీ, ఛాతీ ఎక్స్‌రే. ఏవి కావాలో నిర్ణయించేది డాక్టరే, కానీ అడగడంలో తప్పు లేదు. పరగడుపు పరీక్ష కాబట్టి రాత్రి భోజనం తర్వాత నీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా వెళ్లండి. టీ తాగి వెళ్లి "ఏమీ తినలేదు" అని చెప్పేవారు ఎందరో! పాలు, చక్కెర వేసిన టీ కూడా తిండి కిందే లెక్క.

హెచ్‌ఐవీ పేరు వినగానే ముఖం తిప్పుకోకండి. సమగ్ర సలహా, పరీక్షా కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. మీ అనుమతి లేకుండా చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. ఊళ్లో తెలుస్తుందన్న భయముంటే జిల్లా దవాఖానలో చేయించుకోండి. సందేహాలకు 1097.

యంత్రం పాడైందనో, ఆ పరీక్ష ఇప్పుడు లేదనో అంటే ఏరియా దవాఖానకు గానీ, జిల్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాల దవాఖానకు గానీ వెళ్లండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి అన్నిచోట్లా ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అదీ కుదరక ప్రైవేటు ల్యాబుకే వెళ్లాల్సి వస్తే రక్త కణాల లెక్క, షుగర్, క్రియాటినిన్, టీఎస్‌హెచ్, ఈ నాలుగింటికే పరిమితమవ్వండి. ఖర్చు వేలల్లోకి పోదు. "క్యాన్సర్ మార్కర్లు కలిపి ఆఫర్" అంటే వద్దనండి. ఫలానా చోట జబ్బని చూపే లక్షణం లేకుండా చేసే ఆ పరీక్షలు అటు జబ్బునూ తేల్చవు, ఇటు అనుమానాన్నీ తీర్చవు.

5. తెమడ పరీక్ష: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

రెండు వారాలకు మించిన దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా క్షయ పరీక్ష అడగండి. పరీక్షా, మందులూ పూర్తిగా ఉచితం. అయినా కొన్నిసార్లు జబ్బు దొరకదు. డబ్బాలో తెమడకు బదులు ఉమ్మి పోసి ఇవ్వడం దానికి ఒక పెద్ద కారణం.

సరైన పద్ధతి ఇది. ఉదయం లేవగానే, ఏమీ తినకముందు నోరు మంచినీళ్లతో పుక్కిలించండి. ఇంటి బయట, గాలి ఆడే చోట, మనుషులకు దూరంగా నిలబడండి. గుండె నిండా రెండు మూడుసార్లు గాలి పీల్చి, లోతు నుంచి దగ్గి, చిక్కటి తెమడను డబ్బాలో పట్టండి. నీళ్లలా నురగగా ఉంటే అది ఉమ్మి, మళ్లీ ప్రయత్నించండి. మూత గట్టిగా బిగించి, ఆ పూటే అందజేయండి.

సూక్ష్మదర్శిని కింద చూసి "లేదు" అన్నా అక్కడితో ఆగకండి. సీబీనాట్ లేదా ట్రూనాట్ యంత్రం మీద చేయమని అడగండి. అది తక్కువ క్రిములున్నా పట్టుకుంటుంది, ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. ఎక్స్‌రే బాగున్నా క్షయ లేదని కాదు. మెడ గడ్డల్లో, పేగుల్లో, వెన్నెముకలో కూడా వస్తుంది.

క్షయ తేలితే నిక్షయ్ అనే సర్కారు క్షయ రోగుల జాబితాలో నమోదు చేసి గుర్తింపు సంఖ్య ఇస్తారు. చికిత్స నడిచినన్నాళ్లూ పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడాలి. 2024 నవంబరు దాకా అది 500. ప్రైవేటు డాక్టరు దగ్గర వాడుతున్నవారికీ ఈ సొమ్ము వర్తిస్తుంది. పడకపోతే 1800-11-6666కు ఫోన్ చేయండి. షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేయించుకోండి, ఈ జబ్బులు ఒకదాన్నొకటి పెంచుతాయి. ఇంట్లో ఉన్నవారందరికీ పరీక్ష చేయించండి.

6. కాగితం చేతికొచ్చాక చూసుకోవలసినవి

ముందు పేరు, వయసు, తేదీ మీవేనా చూడండి. నవ్వులాట కాదు, ఒకే ఊరిలో ముగ్గురు లక్ష్మమ్మలు ఉంటారు.

పరగడుపు షుగర్ 126 లేదా అంతకు పైన, హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు పైన ఉంటే మధుమేహం. సాధారణంగా రెండోసారి కూడా చూసి నిర్ధారిస్తారు.

టీఎస్‌హెచ్ విషయంలో చాలామంది బోల్తా పడతారు. అది తక్కువ ఉంటే థైరాయిడ్ తక్కువ అని కాదు. దాదాపు ఎప్పుడూ అర్థం దానికి వ్యతిరేకం: గ్రంథి ఎక్కువగా పనిచేస్తోంది. మందుల దుకాణంలో "థైరాయిడ్ తక్కువుంది, మాత్ర ఇవ్వండి" అని అడిగి థైరాక్సిన్ వేసుకుంటే మంటలో నూనె పోసినట్టే, దడ పెరుగుతుంది, బరువు ఇంకా పడిపోతుంది.

మగవారిలో హిమోగ్లోబిన్ 13 కంటే, ముట్లు ఆగిపోయిన స్త్రీలలో 12 కంటే తగ్గితే ఐరన్ మాత్రలతో సరిపెట్టుకోకండి. రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. కడుపులో పుండో, పేగులో గడ్డో ఉండవచ్చు. ఎండోస్కోపీ (గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష) అవసరమా అని అడగండి.

ఈఎస్‌ఆర్ పెరిగిందంటే లోపల ఏదో ఉందని సూచన మాత్రమే, అది జబ్బు పేరు కాదు. ఇక వైడాల్ పరీక్ష. మన పల్లెల్లో "టైఫాయిడ్ ఉంది, ఇంకా తగ్గలేదు" అని నెలల తరబడి సూదులు వేయించుకునేవారి చేతిలో ఉండేది ఈ కాగితమే. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికీ, వేసుకున్న టీకాకూ కూడా వైడాల్ పాజిటివ్ చూపవచ్చు. ఆరు నెలలుగా బరువు తగ్గుతున్న మనిషికి వైడాల్ మీద ఆధారపడి వైద్యం చేస్తుంటే మనిషిని అక్కడి నుంచి తీసుకొచ్చేయండి.

7. మీకు నిజంగా ఏ భరోసా లేదా?

"బీమా లేదు" అనేవారిలో చాలామందికి ఏదో ఒకటి ఉంటుంది. ఉందనుకునేవారిలో కొందరికి ఉండదు.

రేషన్ కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉన్నట్టే. 2023 డిసెంబరు నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయల దాకా వర్తిస్తుంది. ఇది ముఖ్యంగా దవాఖానలో చేరి చేయించుకునే, జాబితాలో ఉన్న చికిత్సలకు. ఓపీలో రాసే ప్రతి పరీక్షకూ, ప్రతి మాత్రకూ కాదు. జబ్బు పేరు ముందు తెలుసుకోమని నేను పట్టుబట్టేది ఇందుకే. రోగి పేరు కార్డులో ఉందో లేదో ఈ రోజే చూడండి. కొత్త కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోవడం, పిల్లల పేర్లు అసలే ఎక్కకపోవడం మామూలు. మీసేవలో దరఖాస్తు పెట్టండి. దవాఖానలో చేరాక పరుగెత్తితే పని కాదు.

రైస్ మిల్లు, సిమెంటు ఫ్యాక్టరీ, దుకాణం, సెక్యూరిటీ పని చేస్తూ నెలకు 21,000 రూపాయల లోపు జీతం తీసుకుంటుంటే ఈఎస్‌ఐ (కార్మికుల సర్కారు బీమా) కోత పడుతోందేమో జీతం చీటీ చూడండి. కోత పడుతుంటే భార్యా పిల్లలకు, మీ మీదే ఆధారపడ్డ తల్లిదండ్రులకు కూడా వైద్యం ఉంటుంది. మిర్యాలగూడ మిల్లుల్లో పనిచేస్తూ ఆ సంగతే తెలియనివారు ఉన్నారు.

ఇక లేనివి. రైతు బీమా వైద్యానికి కాదు, రైతు చనిపోతే కుటుంబానికి వచ్చేది. ఆభా కార్డు బీమా కాదు, అది మీ వైద్య కాగితాలకు ఒక గుర్తింపు సంఖ్య మాత్రమే. ఓపీ వరుసలో టోకెన్ త్వరగా రావడానికి పనికొస్తుంది, బిల్లు కట్టదు.

"ఇప్పుడు హడావిడిగా ఒక పాలసీ తీసుకుంటే?" అని అడుగుతారు. అప్పటికే ఉన్న జబ్బుకు 3 ఏళ్ల దాకా చెల్లించకుండా నిరీక్షణ గడువు పెట్టే హక్కు కంపెనీలకు ఉంది. జబ్బు దాచి తీసుకుంటే క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఈ జబ్బుకు ఆ దారి పనికిరాదు.

ఏ కార్డూ లేకపోయినా సర్కారు దవాఖానలో వైద్యం ఆగదు. పెద్ద చికిత్స అవసరమైతే దవాఖాన ఇచ్చే అంచనా కాగితంతో చికిత్సకు ముందే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీకి (ఖర్చు భరిస్తామని దవాఖానకు ఇచ్చే హామీ పత్రానికి) ప్రయత్నించవచ్చు. హైదరాబాద్ నిమ్స్ దవాఖాన రోగులు ఎక్కువగా వెళ్లేది ఈ దారిలోనే. ముందే ఖర్చయిపోతే అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితంతో తర్వాత దరఖాస్తు చేయవచ్చు, స్థానిక ఎమ్మెల్యే కార్యాలయంలో అడగండి. అసలు బిల్లులు ఎవరి చేతికీ ఇచ్చేయకండి. జిరాక్సు తీసి, ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.

8. పెద్ద దవాఖానకు పంపిస్తే

రెఫరల్ కాగితం మీద ఎందుకు పంపిస్తున్నారో రాయించుకోండి. ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆధార్ అసలు ప్రతి చేతిలో ఉండాలి.

పట్నంలో (హైదరాబాద్‌లో) దారి తెలియక ఆటోలకు వందలు పోయకండి. నల్లగొండ వైపు నుంచి వచ్చేవారు ఎల్బీనగర్‌లో, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవారు ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర మియాపూర్ వెళ్లే మెట్రో ఎక్కండి. లక్డీకాపూల్‌లో దిగితే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన, పంజాగుట్టలో నిమ్స్, ఎర్రగడ్డలో ఛాతీ దవాఖాన. ఉస్మానియా ఎంజీబీఎస్‌కు దగ్గరే. భువనగిరి వైపు వారికి బీబీనగర్ ఎయిమ్స్ పట్నం కంటే దగ్గర.

ఆరోగ్యశ్రీ కింద చేరేటప్పుడు ముందు ఆరోగ్యమిత్ర (దవాఖానలో ఆ పథకం పనులు చూసే మనిషి) బల్ల దగ్గరికి వెళ్లండి. అనుమతి వచ్చాక కూడా డబ్బు కట్టమంటే ఎందుకో కాగితం మీద రాసివ్వమని అడిగి, 104కు ఫిర్యాదు చేయండి.

ముక్క పరీక్ష (బయాప్సీ) చేయాలంటే భయపడకండి. ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్నది అపోహ. ఆ మాట విని ఇంటికి తీసుకెళ్లినవారిని మూడు నెలలకు మళ్లీ తీసుకొచ్చేసరికి కోయగలిగిన గడ్డ కోయలేనిదవుతుంది. ముక్క పరీక్ష ప్రైవేటులో చేయిస్తే కాగితంతో పాటు గాజు పలకలు, మైనపు దిమ్మలు కూడా అడిగి తీసుకోండి. క్యాన్సర్ దవాఖానలో అవి అడుగుతారు, లేకపోతే మళ్లీ ముక్క తీయాలి.

9. తరచూ జరిగే పొరపాట్లు

గ్లూకోజు సీసా బలం కాదు, చక్కెర కలిపిన నీరు. షుగర్ ఉన్న మనిషికి తెలియక ఎక్కిస్తే హాని.

"బలం సూది"లో స్టెరాయిడ్ ఉంటే వారంలో ఆకలి పుడుతుంది, ముఖం నిండుగా కనిపిస్తుంది. అందరూ సంతోషిస్తారు. లోపల షుగర్ పెరుగుతుంది, క్షయ ఉంటే విజృంభిస్తుంది. ఏ సూది వేశారో పేరు రాయించుకోండి. రాయనంటే వేయించుకోకండి.

దగ్గుకు లీవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్ పదే పదే వాడితే క్షయ కొన్నాళ్లు అణిగినట్టుంటుంది, పరీక్షలో దొరకదు. తెమడ ఇచ్చాకే మందులు.

ఖరీదైన ప్రొటీన్ పొడి డబ్బాలు కొనకండి. పల్లీలు, పప్పు, గుడ్లు, పెరుగు చాలు. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ఎంత తినాలో డాక్టరును అడగండి.

10. ఫలితం సరిచూసుకోవడం

చికిత్స మొదలయ్యాక కూడా వారానికోసారి తూకం ఆపకండి. క్షయ మందుల మోతాదు బరువును బట్టే ఇస్తారు కాబట్టి నెలనెలా కేంద్రంలో రాయించండి. రెండు నెలల మందు తర్వాత కూడా బరువు పెరగకపోతే, దగ్గు తగ్గకపోతే మళ్లీ తెమడ పరీక్ష అడగండి. బాగున్నట్టు అనిపించిందని మధ్యలో ఆపకండి. మామూలు క్షయకు 6 నెలలు పడుతుంది. షుగర్‌కు మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్‌కు డాక్టరు చెప్పిన గడువులో మళ్లీ పరీక్ష.

అన్నీ మామూలుగా ఉన్నాయంటే? అలాంటివారు కొందరుంటారు. మొదటి విడత పరీక్షలు, ఎక్స్‌రే, కడుపు స్కానింగు బాగుంటే పెద్ద జబ్బు ఉండే అవకాశం బాగా తగ్గుతుంది. అలాగని ఫైలు కట్టి అటక మీద పెట్టకండి. నెలనెలా తూచి, మూడు నెలలకు మళ్లీ చూపించండి, ఇంకా తగ్గుతుంటే అంతకు ముందే. ఈలోగా పరీక్షల్లో దొరకనివి చూడండి. పళ్లు లేని తాతకు అన్నం మెత్తగా వండుతున్నారా? కొడుకులు పట్నంలో, తల్లి ఊళ్లో ఒక్కతే ఉంటే ఆమె రోజుకు ఎన్నిసార్లు పొయ్యి వెలిగిస్తోంది? "తిన్నాను బిడ్డా" అన్న మాటను ఫోనులో విని నమ్మకండి. ఒక రోజంతా ఇంట్లో ఉండి చూడండి. భర్త పోయిన ఏడాదిలో చిక్కిపోయిన మనిషికి మానసిక వైద్యుడి అవసరం ఉండవచ్చు, జిల్లా దవాఖానలో ఆ విభాగం ఉంటుంది.

చికిత్స మధ్యలో పనికి వలస వెళ్లాల్సి వస్తే చెప్పకుండా వెళ్లిపోకండి. వారం ముందే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఏ ఊరు వెళ్తున్నారో చెప్పి, దారికి సరిపడా మందులు అడగండి. క్షయ రోగులు నిక్షయ్ సంఖ్య రాసిన కార్డు వెంట తీసుకెళ్తే ముంబైలో గానీ, పుణెలో గానీ దగ్గరి సర్కారు దవాఖానకు పేరు బదిలీ చేస్తారు, మందులు అక్కడే ఇస్తారు. ఫైలులోని ప్రతి కాగితం ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకు కూడా పంపి ఉంచండి.